ఎడమకి ఒరిగే ముడి

మాఘం, శుద్ధ చతుర్దశి. యుద్ధం మొదలై మూడేళ్ళ రెండు నెలలు.

రాత్రి ఆరుబయట కట్టిన మంచు గుడ్డలు పిండితే చెంబున్నర నీళ్ళు వచ్చాయి. నిన్న రెండు చెంబులు. చలి తగ్గితే మంచు పడదు, మంచు పడకపోతే తాగడానికేముంటుందని పొద్దున్నే దిగులు పట్టుకుంది. మా ఇల్లు తేలే బల్లకట్టు మోకులు మూడుసార్లు చూసుకున్నాను. మూడోసారి చూస్తుంటే పక్క బల్లకట్టు మీంచి కొర్లమ్మ నవ్వింది.

"మోకు లేచి ఎలిపోద్దేటి వదినా, అలగ సూస్తన్నావు?"

"సూడకపోతే ఎలిపోద్ది" అన్నాను.

కొర్లమ్మ మొగుడు పైడయ్య పేరు ఈసారి చెర విడిపించే జాబితాలో ఉంది. పన్నెండుమందిని వాళ్ళిస్తారు, పన్నెండుమందిని మనమిస్తాం. అందుకే ఆమెకి నవ్వు వస్తోంది. నాకు రావడం లేదు. మా ముత్యాలు పేరు కూడా అందులో ఉంది. పేరు లేనప్పుడు ఒక బాధ. పేరు వచ్చాక మళ్ళీ పోతుందేమోనని ఇంకో బాధ.

ముత్యాలు నా కోడలు. నా కొడుకు దానయ్య యుద్ధానికి ముందే జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు, పుట్టింటికి పోతుందనుకున్నాను. పోలేదు. నాతోనే ఉండి, నాతోనే తగువులాడి, ఊరికి మంచినీళ్ళ పడవ నడిపింది. పద్నాలుగు నెలల కిందట ఒడ్డు మీది మెట్టవాళ్ళు పడవతో సహా పట్టుకుపోయారు.

ఈ పుస్తకం సత్యవేణి ఇచ్చింది. మెట్టవాళ్ళతో మా తరఫున మాట్లాడేది ఆవిడే. ముడి చూసే మనిషి ఏ రోజు ఏం చూసిందో చేత్తో రాసి ఉంచాలట. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే క్షమించాలి అని మొదటి పేజీలో రాస్తే, "ఎవర్ని అడుగుతున్నావు పెద్దమ్మా, చదివేది నేనే కదా" అంది.

రేపు దిబ్బ తేలుతుంది.

మాఘ పౌర్ణమి.

 ఈరోజుది ఈరోజే రాయాలి.

ఇసుక దిబ్బ పౌర్ణమికీ అమావాస్యకీ మాత్రమే పైకి తేలుతుంది. నీళ్ళు బాగా దిగిన ఆ మూడు గంటలే మాటలు. పోటు ఎక్కేసరికి ఎవరి పడవ వాళ్ళు ఎక్కెయ్యాలి. ఉగాది దాటి దక్షిణపు గాలి మొదలైతే దిబ్బ మళ్ళీ కార్తీకం వరకు కనపడదు.

మేము అయిదుగురం, వాళ్ళు అయిదుగురు. మధ్యలో పరిచిన తెరచాప గుడ్డ మీద ఆ పక్క తట్టలు చూసే కూర్మయ్య, ఈ పక్క నేను. కూర్మయ్య నాకంటే రెండేళ్ళు పెద్దవాడో చిన్నవాడో. మాటా మా మాటే, యాసా మా యాసే. అతని తాత ఊరూ మా తాత ఊరూ సముద్రం ముంచకముందు ఒకే రోడ్డు మీద ఉండేవని ఒకసారి చెప్పాడు.

మొదటి ఏడు మేమిద్దరం అక్కర్లేకపోయింది. అద్దాల్లో మనుషుల్ని చూపించుకున్నారు, మాట్లాడించారు. వాళ్ళు చూపించిన తొమ్మిదిమందిని నమ్మి తొమ్మిదిమందిని పంపాం. నలుగురే వచ్చారు. మిగతా అయిదుగురూ పోయి అప్పటికే ఆరు నెలలయింది. అద్దంలో మాత్రం, యంత్రం చేసిన మొహాలతో, నవ్వుతూ పేరు పేరునా ఇంట్లోవాళ్ళని అడిగారు. అప్పటినుంచి మొహాన్ని నమ్మరు, గొంతుని నమ్మరు. చేతిని నమ్ముతారు. చెరలో ఉన్న మావాళ్ళు ఒక్కొక్కరూ జానెడు వల అల్లి పంపాలి. నూలుకి ప్రతిసారీ కొత్త రంగు వేసి మేమే ఇస్తాం, పాతది చెల్లదు. మా చెరపడవలో ఉన్న మెట్టవాళ్ళు తట్ట అడుగు అల్లి పంపుతారు. ఎవరి చెయ్యో కూర్మయ్య చెప్తాడు.

ఈసారి రంగు ఎర్రమన్నుది. ఒక్కొక్క ముక్కే తీసి వేళ్ళతో తడిమి చెప్పాను. ఇది పైడయ్యది, ముడి బిగించాక ఒకసారి మెలితిప్పే అలవాటు వాళ్ళ నాన్న నుంచీ ఉంది. ఇది ఎర్రాజుది, వల కన్ను ఒకటి చిన్నదీ ఒకటి పెద్దదీ. ఇది అప్పలకొండది. అలా పదకొండు. సత్యవేణి ఒక్కొక్క పేరు పక్కన గీత పెట్టింది.

పన్నెండోది ముత్యాలుది. దానికోసం పద్నాలుగు నెలలు కాచుకున్నాను. చేతిలోకి తీసుకోగానే మా ఇంటి ముడి తెలిసింది. మా ఇంట్లో ముడికి అరచుట్టు ఎక్కువ వేస్తాం, మా అత్తగారు నేర్పింది, ఈ ఏడు బల్లకట్ల ఊళ్ళో ఇంకెవరూ అలా వెయ్యరు. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. కానీ వేళ్ళు ఆగాయి. ముత్యాలుది ఎడం చెయ్యి వాటం. అది వేసే ముడి ఎప్పుడూ ఎడమకి ఒరుగుతుంది. ఈ ముళ్ళన్నీ కుడికి ఒరిగి ఉన్నాయి.

ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది. నలభై ఏళ్ళుగా వలలు చూసి చూసి, చేతికి తెలిసింది నోటికి వచ్చేస్తుంది.

"ముడి మాదే. సెయ్యి దానిది కాదు" అన్నాను.

కూర్మయ్య తల దించుకున్నాడు. మెట్టవాళ్ళ అధికారి, సన్నటి మనిషి, "మీ ముసలామెకి కళ్ళు ఆనవు" అన్నాడు. సత్యవేణి పన్నెండో పేరు పక్కన గీత పెట్టలేదు. కలం మూత పెట్టేసి లేచింది.

"మనిషినైనా చూపించండి, లెక్కైనా సరిచెయ్యండి. అప్పటిదాకా మాటల్లేవు."

పోటు ఇంకా గంట దూరంలో ఉండగానే పడవెక్కాం.

మాఘం, బహుళ తదియ.

మంచు గుడ్డలు పిండలేదు. కొర్లమ్మ వచ్చి పిండింది. పిండుతూ తిట్టింది.

"నీ కోడలి ముక్క నీకు నచ్చనేదు, మా అందరి కొంపలూ ముంచీసినావు. ఏటి పోయిందీ, ఔనంటే? నోరు మూసుకుంటే పైడిగాడు ఈపాటికి ఇంట్లో గంజి తాగును కదా!"

"సెయ్యి దానిది కాదే."

"కాపోతే? ఎవల్దో ఒకల్ది. మనిషి దిగినప్పుడు సూసుకుందువు గదా!"

 ఆమె అన్నదే నేనూ మూడు రోజులుగా అనుకుంటున్నాను. నిన్న అప్పలకొండ తల్లి వచ్చి ఏమీ అనకుండా గుమ్మంలో కాసేపు కూర్చుని వెళ్ళిపోయింది. దానికంటే కొర్లమ్మ తిట్లే నయం.

ఆ ముక్క నా దగ్గరే ఉంది. అల్లింది ఎవరో గాని, అరచుట్టు ఎక్కడా తప్పలేదు. పక్కన కూర్చుని నేర్పితే తప్ప రాదు. నేర్పింది ముత్యాలే. ఎప్పుడు నేర్పింది? మొన్న నేర్పి, పక్కన ఉందా? ఎప్పుడో నేర్పి, ఇప్పుడు లేదా? ఎర్రటి నూలు చేతిలో పట్టుకుని ఈ రెండు మాటల మధ్య పొద్దుగుంకే వరకు తిరుగుతున్నాను.

పెళ్ళయి వచ్చిన కొత్తలో దాని ఎడం చెయ్యి గుడ్డతో నడుముకి కట్టేశాను. వారం రోజులు కుడి చేత్తో అల్లించాను. ఎడం చేతి ముళ్ళు వలకి మంచివి కావని మా అత్తగారు అనేది. ఎనిమిదో రోజు గుడ్డ విప్పితే, మొదటి ముడి మళ్ళీ ఎడం చేత్తోనే వేసి నా మొహం మీదికి చూపించింది. అప్పుడు ఎంత కోపం వచ్చిందో!

మాఘం, బహుళ నవమి.

సత్యవేణి వచ్చింది. వట్టి చేపల కూర పెడితే తిన్నది. నలభై ఏళ్ళ మనిషి, వేళకి తిండి తిని ఎన్నాళ్ళయిందో.

"పెద్దమ్మా, మనిషి ఉంటే ముక్క వేరేవాళ్ళ చేత ఎందుకు అల్లిస్తారు? రెండే కారణాలు. పోయుండాలి. లేకపోతే చేతులు పాడైపోయుండాలి."

"పాడైతే పాడయిందని సెప్పొచ్చు కదా."

"చెప్పరు. నలిగిన మనిషికి ఇద్దరు అని కదా ఒప్పందం."

ఆ నియమం నాకూ తెలుసు. రెండో ఏడు రాసుకున్నారు. చెరలో ఉన్నవాళ్ళని కొట్టకుండా, కాల్చకుండా ఉండడానికి. దెబ్బలతోనో జబ్బుతోనో ఒకర్ని అప్పగిస్తే, ఆ ఒక్కరికీ ఎదుటివాళ్ళు ఇద్దర్ని అడగొచ్చు. రాసిన రోజు అందరం చప్పట్లు కొట్టాం.

"నేను ఇద్దర్ని అడుగుతాను" అంది సత్యవేణి. "ముత్యాలునిచ్చి, ఇంకొకర్ని కలిపి ఇవ్వాలి. లేదా మనవైపు నుంచి ఒకరు తగ్గాలి."

"ఇవ్వనంటే?"

"కార్తీకం."

"నాకు ఇద్దరొద్దమ్మా. ఒక్కర్తి సాలు."

"నీకు చాలు. ఈసారి వదిలేస్తే రేపు వాళ్ళు ఎవర్ని నలిపినా అడగడానికి నాకు నోరుండదు. అక్కడ ఇంకా అరవైమంది ఉన్నారు పెద్దమ్మా."

ఆవిడ మాటలో తప్పు లేదు. తప్పు లేనందుకే ఇంకా భయం వేసింది. వెళ్ళేటప్పుడు గిన్నె తానే కడిగిపెట్టింది. నేను చూడలేదనుకుని మోకు ముడి కూడా ఒకసారి లాగి చూసింది. అందరికీ దిగులే, నాకే బయటపడుతుంది.

మాఘ అమావాస్య.

ఈరోజు ముక్కలు చూడడం లేదు, మాటలే. సత్యవేణీ ఆ సన్నటి అధికారీ దిబ్బకి ఆ చివర నిలబడి చేతులు తిప్పుకుంటూ వాదించుకుంటున్నారు. కూర్మయ్యా నేనూ గుడ్డ మీద ఎదురెదురుగా ఊరికే కూర్చున్నాం. కాసేపటికి అతను చుట్ట తీసి సగం విరిచి నాకిచ్చాడు. మానేసి ఆరేళ్ళయింది. పుచ్చుకున్నాను.

"బతికే ఉన్నాదప్పా" అన్నాడు, సముద్రం వైపు చూస్తూ.

చుట్ట పక్కన పెట్టేశాను.

"నువ్వు సూసినావా?"

"సూడ్డమేటి, వారానికోసారి నూలు ఇయ్యడానికి ఎల్తాను కదా. వంటశాలలో గంజి డేగిసా ఒలికిపోనాది. రెండు సేతులూనూ. ఎవులూ కావాలని సెయ్యనేదు, నా పిల్లల మీదొట్టు. కానీ నలిగితే నలిగినట్టే అని రాసుకున్నాం. మా దొర బయపడిపోనాడు."

"మరి ఆ ముక్క?"

"ఎర్రాజు లేడూ, ఆ గుంటడు అల్లినాడు. పక్కన కూకోని నీ కోడలు సెప్పినాది. సెప్పడం అంటే సెప్పడం కాదు. 'అరసుట్టు ఏదిరా? కళ్ళు సేపలు పారిపోడానికి ఏసినావా? మా యత్త సూస్తే నీ వీపు సిట్లగొట్టును' అని. మూడు సార్లు ఇప్పించి మళ్ళీ అల్లించినాది." చుట్ట పొగలో నవ్వాడు. "ఆ మాటలు ఇంటే నాకు నువ్వే అగుపడ్డావు."

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఏడవడానికో నవ్వడానికో తెలియలేదు. దానికి నేను ఇరవై ఏళ్ళు చెప్పిన మాటలే అవి. ఒక్కటీ మర్చిపోలేదు.

"సేతులు బాగవుతాయా?"

"కుడిది కొంచెం కదుల్తాది. ఎడందే..." అని ఆగాడు.

కాసేపటికి, ఎవరూ అడక్కుండానే, తన సంగతి చెప్పాడు. అతని పెళ్ళాం సన్నమ్మ మా చెరపడవలో ఉంది. గాయాలకి కట్లు కట్టేది, ఏడాది కిందట మావాళ్ళు పట్టుకున్నారు. ఈసారి జాబితాలో ఆమె పేరూ ఉంది. మొన్న పౌర్ణమికి ఆమె అల్లిన తట్ట అడుగు చూశాడు. బద్దలు వదులుగా ఉన్నాయి, బిగించడానికి బలం లేదు. జబ్బులో ఉంది.

"మరి బాగున్నాదని సెప్పేవు కదా!"

"సెప్పేను. నేదంటే మావోళ్ళు ఇద్దర్ని అడుగుతారు. మీరియ్యరు. అది అక్కడే ఉండిపోద్ది. నీళ్ళలో సెయ్యెట్టి ఒట్టేసి అబద్దం ఆడినానప్పా. పదిహేను రోజులుగా అన్నం సయించడం నేదు."

ఆ చివర నుంచి సత్యవేణి విసవిసా నడిచి వచ్చింది. మొహం చూస్తేనే తెలిసింది, తెగలేదు. పోటు మొదలైంది. కూర్మయ్య గుడ్డ తన కొస మడత పెట్టాడు, నేను నా కొస మడత పెట్టాను. మధ్యకి వచ్చేసరికి వేళ్ళు తగిలాయి. 

ఫాల్గుణం, శుద్ధ అష్టమి.

చలి తగ్గింది. చెంబుడు నీళ్ళే.

చెరపడవకి వెళ్ళాను. ముడి చూసే మనిషిని కాబట్టి కాపలావాళ్ళు అడ్డం చెప్పలేదు. సన్నమ్మని చూశాను. ముడుచుకుని పడుకుని ఉంది. గంజి తీసుకెళ్ళాను, ఉప్పు చేప ముక్క వేసి. నేనెవరో చెప్పలేదు. రెండు గుక్కలు తాగి, "మీ సముద్రపోళ్ళు ఉప్పు ఎక్కువ ఏస్తారు" అంది.

"మా సుట్టూ ఉన్నది అదే కదమ్మా" అన్నాను.

నవ్వబోయి దగ్గింది. కార్తీకం దాకా ఈమె ఉండదు. ఈ సంగతి సత్యవేణికి చెప్పాలా? చెప్తే ఏమవుతుంది? తట్ట సంగతి బయటికొస్తుంది. వాళ్ళూ ఇద్దర్ని అడుగుతారు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, సరికి సరి అయిపోతుంది కదా అని తోవంతా తెడ్డు వేస్తూ ఆలోచించాను. కానీ ముందు మీరొప్పుకోండి, కాదు ముందు మీరొప్పుకోండి అనుకునేసరికి ఉగాది దాటిపోతుంది. వాళ్ళ మాటలు నేను రెండేళ్ళుగా వింటున్నాను. గుడ్డకి ఏ అంచున ఎవరు కూర్చోవాలో తేల్చడానికే మూడు పౌర్ణములు పట్టాయి.

పౌర్ణమికి ఏడు రోజులుంది. ముడి చూసేవాళ్ళకి రెండో చూపు అడిగే హక్కు ఉంది. ఒకసారి కాదన్నది మళ్ళీ చూసి ఔననొచ్చు. మాట మార్చినవాళ్ళు మాత్రం ఆ గుడ్డ మీద ఇంకెప్పుడూ కూర్చోకూడదు.

భయంగా ఉంది. కూర్చోలేనని కాదు. అరవైమంది అని సత్యవేణి అన్న మాట చెవుల్లోంచి పోవడం లేదు.

ఫాల్గుణ పౌర్ణమి.

ఎండ బాగా కాసింది. దిబ్బ మీద నీళ్ళ మడుగులు మెరుస్తున్నాయి.

"రెండో చూపు అడుగుతున్నాను" అన్నాను.

సత్యవేణి చివ్వున తిరిగింది. అధికారి కూర్మయ్య వైపు చూశాడు. కూర్మయ్య తన మోకాళ్ళ వైపు చూసుకుంటున్నాడు.

ఎర్ర ముక్క తీసి గుడ్డ మీద పరిచాను. అవసరం లేకపోయినా ముడి ముడీ తడిమాను. ఎర్రాజు ఎంత కష్టపడ్డాడో తెలుస్తోంది, మూడు సార్లు విప్పి అల్లిన చోట నూలు పీచు లేచింది. లేచి వెళ్ళి మణికట్టు దాకా సముద్రంలో చెయ్యి పెట్టాను.

"ఆ రోజు మబ్బేసింది. నా కళ్ళు మసక. ఇది మా ముత్యాలు సెయ్యే."

  సత్యవేణి వచ్చి నా పక్కన, నీళ్ళ అంచున నిలబడింది. గొంతు తగ్గించి అడిగింది.

"ఆ రోజు మబ్బెక్కడ వేసింది పెద్దమ్మా?"

"నాకేసింది."

"రేపు వాళ్ళు ఇంకొకర్ని కాల్చి దాచితే, నీ మాట చూపించి దాచుతారు. తెలుసా?"

"తెలుసు."

"తెలిసి అంటున్నావా?"

"తెలిసే. నన్ను తిట్టు. ఆ గీత మాత్రం పెట్టమ్మా."

చాలాసేపు నా మొహం చూసింది. నేను చూపు తిప్పుకోలేదు, ఎలా తిప్పుకోకుండా ఉన్నానో నాకే తెలియదు. తర్వాత వెళ్ళి పన్నెండో పేరు పక్కన గీత పెట్టింది. కలం కాగితంలోకి దిగిపోయేంత గట్టిగా పెట్టింది.

పడవలో ఎదురుగా కూర్చుని, "ఇకనుంచి అప్పలకొండ తల్లి చూస్తుంది ముళ్ళు" అని మాత్రం అంది. పుస్తకం తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. "ఉంచుకో. ఇందులో ఉన్నది నేను చదవకపోవడమే మంచిది."

ఫాల్గుణ అమావాస్య.

ఇచ్చిపుచ్చుకోవడం అయింది. నన్ను దిబ్బ మీదికి రానివ్వలేదు. దూరంగా మా ఊరి పడవల్లో ఒకదాంట్లో కూర్చుని చూశాను. రెండు వైపుల నుంచీ ఒక్కొక్కరే నడిచారు, మధ్యలో ఒకరినొకరు దాటుకుంటూ. నాకు మొహాలు ఆనలేదు. కొర్లమ్మ పక్కన నిలబడి చెప్తూ వచ్చింది.

"అదుగో ఎర్రాజు. అదుగో మా పైడిగాడు, ఎలగయిపోయాడో సూడు, ఎదవ, గెడ్డం తీసుకోనేదు."

అటు వెళ్ళేవాళ్ళలో సన్నమ్మని ఇద్దరు పట్టుకుని నడిపించారు. కూర్మయ్య గుడ్డ మీంచి లేచి ఎదురు పరిగెత్తాడు. అలా లేవకూడదు, ఎవరూ ఆపలేదు. అధికారి ఆమెని చూశాడు, ఆ నడకని చూశాడు.

పన్నెండోది ముత్యాలు. మోచేతుల దాకా తెల్ల గుడ్డలు. చేతులు ముందుకు పెట్టుకుని, వేరే ఎవరివో మోస్తున్నట్టు నడిచింది. సత్యవేణి ఆ కట్లు చూసిందట. అధికారి వైపు చూసిందట. అతను సత్యవేణి వైపు చూశాడట. ఇద్దరూ ఏమీ అడక్కుండా కాగితాలు మడిచి జేబుల్లో పెట్టుకున్నారని తర్వాత పైడయ్య చెప్పాడు.

మెట్ట మీద ఏవో జ్వరాలున్నాయని, వచ్చినవాళ్ళని ఇరవైయొక్క రోజులు వేరే పడవలో ఉంచుతారు. నలభై బారల దూరంలో బుంగలు కట్టిన తాడు ఉంటుంది, అది దాటకూడదు. మేము చేరేసరికి వాళ్ళని లోపలికి తీసుకెళ్ళిపోయారు. ఇంటికొచ్చి అన్నం వండాను, ఇద్దరికి సరిపడా. చేతికి తెలియకుండానే పోసేశాను.

చైత్రం, శుద్ధ తదియ.

గాలి దక్షిణానికి తిరిగింది. మంచు లేదు. ముత్యాలు దొరికిపోయాక ఇంకొకరు నడుపుతున్న మంచినీళ్ళ పడవ కోసం వరసలో నిలబడి, నా వంతు వచ్చాక నిండు బిందె ఇంట్లో దించి, తాడు దాకా తెడ్డు వేసుకుంటూ వెళ్ళాను.

పడవ అంచున కూర్చుని ఉంది. పైడయ్యా ఇంకో ఇద్దరూ వెనక పేకాడుతున్నారు.

"అత్తా! సిక్కిపోయావేటి!" అని అరిచింది.

"నాను సిక్కడం కాదు, నీకు కళ్ళు పాడయ్యాయి. తిన్నావా?"

"తినిపిస్తన్నారు. పైడయ్య మావ పెద్ద పెద్ద ముద్దలు పెడతన్నాడు, గేదెకి పెట్టినట్టు."

"నమిలి మింగమ్మా, అది సాలు!" అని పైడయ్య పేకముక్కల మీంచి తల ఎత్తకుండా అరిచాడు.

చేతులెలా ఉన్నాయని అడగాలనుకున్నాను.  అదే చెప్పింది.

"కుడిది పనికొస్తాదంట. నీ కోరిక తీరినాది. ఇంక కుడి సేత్తోనే అల్లుతాను."

ఎంత దూరంలో ఉన్నా అది నవ్వుతోందని తెలుస్తోంది. నేను తెడ్డు పట్టుకుని కూర్చున్నాను. కాసేపు పిచ్చి మాటలు మాట్లాడుకున్నాం. కొర్లమ్మ కోళ్ళు, చిరిగిన తెరచాప, ఎవరికి పెళ్ళి కుదిరింది. గాలికి సగం మాటలు ఎగిరిపోతున్నాయి. చివరికి అడిగాను.

"అంత నేర్పరివి, ఎలగ దొరికిపోనావే?"

 పేకాడేవాళ్ళ వైపు ఒకసారి చూసి, అంచు మీద ఇంకొంచెం ముందుకి జరిగింది.

"ఇంజను ఆపీసినాను."

"ఆపడమేటి? ఎందుకూ?"

"రేడియోలో నీ గొంతు ఇనపడ్డాది."

"నానెప్పుడు మాటాడేను! అది వాళ్ళు సేసిన గొంతు!"

"తెలుసు."

"తెలిసీ ఆపేవా?"

"తెలిసే ఆపేను. 'ముత్యాలూ, అమ్మా, సలేస్తన్నాది, ఇంటికి వచ్చీ' అన్నాది. నువ్వెప్పుడేనా అలగ పిలిసినావేటి? ఆ ముక్కతోనే తెలిసిపోనాది నువ్వు కాదని." కట్లు కట్టిన చేతులు ఒళ్ళో సర్దుకుంది. "ఇంజను సప్పుడులో సరిగ్గా ఇనపళ్ళేదు. ఇంకోపాలి ఇందారని ఆపినాను. ఒక్క నిమసమే. ఈలోపల రెండు పడవలొచ్చి సుట్టీసినాయి."

 "పిచ్చిదానా" అన్నాను. అది దానికి వినపడిందో లేదో. తెడ్డు ఎలా వేశానో, ఇంటికి ఎలా వచ్చానో తెలియదు.

చైత్రం, శుద్ధ చవితి.

పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర ఆ మాట అనుకుని చూస్తున్నాను.  ఇరవై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. ఒక్క మెత్తటి మాట నా దగ్గర లేక, ఎక్కడో మెట్ట మీద ఒక యంత్రం అంది. అది విని నా కోడలు పడవ ఆపుకుంది.

బియ్యం ఎసట్లో వేసి, పొయ్యి తగ్గించి, మోకు ఒక్కసారే చూసుకుని బయల్దేరాను.

తాడు దగ్గరికి వెళ్ళేసరికి అంచునే ఉంది. నన్ను చూసి ఏదో అనబోయింది. నేను ముందే అరిచాను. సిగ్గేసింది. వెనక పైడయ్య పేకముక్కలు దించేశాడు.

"ముత్యాలూ! అమ్మా! ఇంటికి రామ్మా!"

అది కదలకుండా కూర్చుంది. తర్వాత తల పక్కకి వంచింది.

"ఏటత్తా? ఇనపళ్ళేదు!"

మళ్ళీ అన్నాను.

"ఏటీ?"

మళ్ళీ అన్నాను. గాలి నా వెనక నుంచి దానివైపే వీస్తోంది. పైడయ్యకి వినపడింది, అవతలి చివర బట్టలారేసే ఆవిడకి కూడా వినపడి తిరిగి చూసింది.

"ఇంకోపాలి!" అని అరిచింది నా కోడలు.

నాలుగోసారి కూడా అన్నాను.